పచ్చిపాలకు పగ్గం

1858లో న్యూయార్క్‌లో ‘ఫ్రాంక్ లెస్లీస్ ఇల్లస్ట్రేటెడ్ న్యూస్‌పేపర్’ అచ్చువేసిన ఒక బొమ్మ చూస్తే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. నిలబడే ఓపిక కూడా లేని ఆవు. పట్టీలతో దాన్ని పైకెత్తి కట్టి, ఆ స్థితిలోనూ పాలు పిండుతున్నారు. సారా బట్టీలను ఆనుకునే పశువుల కొట్టాలుండేవి. సారా తీయగా మిగిలిన వేడి మడ్డే వాటి మేత. అది తిని ఆవుల పళ్లు ఊడేవి, తోకలు కుళ్లి రాలిపోయేవి. ఆ పలుచని పాలలో సుద్దపొడి కలిపి, బండి మీద ‘స్వచ్ఛమైన పల్లెపాలు’ అని రాసి, పసిపిల్లలున్న ఇళ్లకు పోసేవారు.

విచారణకు దిగిన నగర పెద్దలు కొట్టాలకు గాలి బాగా ఆడేలా చూడమని చెప్పి ఊరుకున్నారు. పిల్లల ప్రాణాల కన్నా బట్టీల రాబడే వాళ్లకు ఎక్కువైంది. ఈ పాల మీద రాష్ట్ర చట్టం వచ్చేసరికి 1862 అయింది.

అయినా మంచి మేత మేసిన ఆవు పాలతోనూ క్షయ, టైఫాయిడ్ రావచ్చు. దీనికి 1893లో రెండు విరుగుడులు కనిపించాయి. డాక్టర్ హెన్రీ కోయిట్ నెవార్క్‌లో వైద్యుల సంఘాన్ని కూర్చి, పాడిని తనిఖీ చేయించి, పచ్చిపాలకే ధ్రువపత్రం ఇప్పించాలన్నారు. ఆ పాలు శుభ్రమైనవే, కానీ పేదలకు అందని ధర. మేసీస్ దుకాణం యజమానుల్లో ఒకరైన నేథన్ స్ట్రాస్ అదే ఏడాది న్యూయార్క్ పేదల వాడల్లో పాశ్చరైజ్ చేసిన, అంటే వేడిచేసి క్రిములను చంపిన, పాలను చవకగా అమ్మే కేంద్రం తెరిచారు. నా ఓటు స్ట్రాస్‌కే. ఆయన రాండల్స్ ఐలండ్ అనాథ శిశువుల ఆశ్రమంలో పాశ్చరైజేషన్ యంత్రం పెట్టించాక, అక్కడి మరణాలు సగానికి పైగా తగ్గాయి.

1908లో షికాగో పాశ్చరైజేషన్‌ను తప్పనిసరి చేసింది. క్షయ పరీక్షలో నెగ్గిన ఆవుల పాలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది. రాష్ట్రం మొత్తానికి ఆ నిబంధన పెట్టిన మొదటిది మిషిగన్, అదీ 1947లో. రాష్ట్రాల సరిహద్దు దాటించి పచ్చిపాలు అమ్మడంపై నిషేధం కోర్టు ఆదేశంతో గానీ రాలేదు, 1987లో.

పాలు కాచి పొంగించాకే గ్లాసులో పోసే మన తెలుగిళ్లలో ఈ గొడవ వింతగా తోచవచ్చు. అమెరికాలో మాత్రం అది ఇంకా తెగలేదు. కాలిఫోర్నియాలో పచ్చిపాలను లైసెన్సుతో దుకాణాల్లోనే అమ్ముతారు. అమ్మకం కుదరని కొన్ని చోట్ల జనం ఆవులో వాటా కొని ‘సొంత’ పాలు తెచ్చుకుంటారు. పాడి ఆవులకు బర్డ్ ఫ్లూ సోకడంతో 2024 డిసెంబరులో వ్యవసాయ శాఖ పాశ్చరైజ్ చేయని పాల నమూనాలను దేశమంతటా పరీక్షించాలని ఆదేశించింది.