షియర్ వాల్ రూపకల్పన: ఇటాబ్స్‌లో అమరిక, కాగితంపై సరిచూపు

గాలి తాకిడి, భూకంపపు ఊపు వంటి అడ్డు బలాలను తట్టుకొనుటకై పునాది నుండి పైకప్పు వరకు ఎడతెగకుండా నిలిపే ఇనుము పొదిగిన కాంక్రీటు గోడను షియర్ వాల్ అంటారు. ఇటుక గోడ గదులను విభజిస్తుంది. షియర్ వాల్ భవనాన్ని నిలబెడుతుంది. లిఫ్టు చుట్టూ, మెట్ల చుట్టూ పోసే కాంక్రీటు గోడలు చాలా భవనాలలో ఈ పనినే చేస్తాయి.

ఈ గోడల లెక్క నేడు ఎక్కువగా కంప్యూటరు మీదనే జరుగుతున్నది. అయితే కంప్యూటరు తనకు చెప్పిన గోడనే లెక్కిస్తుంది. స్థలంలో లేచే గోడను అది చూడదు. కావున అమరికలో ఇంజనీరు చేసే ప్రతి ఎంపిక వెనుక కారణం తెలిసి ఉండవలెను.

ఇంత జాగ్రత్త ఎందుకు?

2001 జనవరి 26న గుజరాత్‌లోని భుజ్ ప్రాంతంలో సంభవించిన భూకంపానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా దూరంలోని అహమ్మదాబాదులో సైతం బహుళ అంతస్తుల భవనాలు కూలిపోయాయి. కొన్నిచోట్ల లిఫ్టు గోడలు నిలిచి ఉండగా, వాటిని ఆనుకొని ఉన్న అంతస్తులు విడివడి పడిపోయాయి. గోడకు, శ్లాబుకు మధ్య పట్టు చాలకపోవుట ఇందుకు ఒక కారణమని పరిశీలకులు గుర్తించారు.

షోలాపూర్ తెలుగువారికి 1993 సెప్టెంబరు 30 నాటి కిల్లారి భూకంపం తెలిసినదే. అంతవరకు ఆ ప్రాంతం దేశపు భూకంప పటంలో అన్నిటికంటె తక్కువ ప్రమాదం గల మొదటి మండలంలో ఉండేది. 2002లో పటాన్ని సవరించినప్పుడు మొదటి మండలమే తొలగిపోయి, కిల్లారి ప్రాంతం మూడవ మండలంలోకి వచ్చింది. మండలం సంఖ్య మారితే గోడపై పడే బలం మారుతుంది.

ప్రోగ్రాం, ప్రమాణాలు

భవనాల లెక్కకు మనదేశంలో విరివిగా వాడే ప్రోగ్రాములలో ఇటాబ్స్ ఒకటి. దీనిని రూపొందించిన కంప్యూటర్స్ అండ్ స్ట్రక్చర్స్ సంస్థ 1975లో అమెరికాలోని కాలిఫోర్నియాలో స్థాపితమైనది. షియర్ వాల్ విషయంలో ప్రధానంగా చూడవలసిన భారతీయ ప్రమాణాలు మూడు: కాంక్రీటుకు ఐ.ఎస్. 456 (2000), భూకంప బలాలకు ఐ.ఎస్. 1893 మొదటి భాగం (2016), సాగుడు గుణంతో చువ్వలు అమర్చుటకు ఐ.ఎస్. 13920 (2016). ఈ వ్యాసంలోని పరిమితులు ఆయా సంవత్సరాల ప్రతులలోనివి. పని ప్రారంభించే నాటికి అమలులో ఉన్న ప్రతిని, సవరణలను భారతీయ ప్రమాణాల సంస్థ వద్ద సరిచూసుకొనవలెను.

నమూనా తయారీ

మొదట కాంక్రీటు, ఇనుము తరగతులను నిర్వచించి, గోడను షెల్ సెక్షన్‌గా చూపవలెను. ఐ.ఎస్. 13920 ప్రకారం గోడ మందం 150 మిల్లీమీటర్లకు తగ్గరాదు. దూలాలతో జతపరచిన జంట గోడలకు 300 మిల్లీమీటర్లు ఉండవలెను. గోడ పొడవు మందానికి కనీసం నాలుగు రెట్లు ఉండాలి. అంతకు తక్కువైతే దానిని స్తంభంగా భావించుట మేలు.

షెల్‌ను చిన్న చిన్న గళ్లుగా విభజించే పనిని మెష్ అంటారు. తలుపులు, కిటికీలు ఉన్నచోట గళ్ల అంచులు వాటి అంచులతో కలవాలి. శ్లాబు గళ్లు, గోడ గళ్లు ఒకే బిందువుల వద్ద కలుస్తున్నవో లేదో చూడాలి. కలవనిచోట బలం సరిగా ప్రవహించదు.

ప్రతి అంతస్తును దృఢమైన డయాఫ్రమ్‌గా ప్రకటించగానే, శ్లాబు గోడను ఎన్నటికీ వదలదని ప్రోగ్రాం నమ్ముతుంది. అహమ్మదాబాదులో విఫలమైనది సరిగ్గా ఈ నమ్మకమే. శ్లాబులో లిఫ్టు, మెట్లు, డక్టుల ఖాళీలు గోడ పక్కనే ఉన్నప్పుడు గోడకు మిగిలిన పట్టు ఎంతో విడిగా లెక్కించవలెను.

పగుళ్లు పడిన కాంక్రీటు బిగువు తగ్గుతుంది. ఐ.ఎస్. 1893 (2016) స్తంభాలకు జడత్వ ఘాతంలో 70 శాతం, దూలాలకు 35 శాతం తీసుకోమంటుంది. ఎత్తయిన భవనాలకు సంబంధించిన ఐ.ఎస్. 16700 (2017) హెచ్చించిన బరువుల లెక్కలో గోడలకు 70 శాతం సూచించింది. ఇటాబ్స్‌లో గోడ తన తలంలోనే వంగునప్పటి బిగువు ఎఫ్22 అనే గుణకంతో మారుతుంది. ఎం22 మార్చితే గోడ తలానికి అడ్డంగా వంగే బిగువు మాత్రమే మారుతుంది. ఈ రెంటినీ తారుమారు చేయుట తరచుగా జరిగే పొరపాటు.

పియర్, స్పాండ్రెల్ పేర్లు

షియర్ వాల్ రూపకల్పనకు మూలం ఈ పేర్లే. నిలువు గోడ భాగానికి పియర్ పేరు, తలుపు పైన రెండు గోడలను కలిపే భాగానికి స్పాండ్రెల్ పేరు ఇవ్వవలెను. పేరు లేని గోడ విశ్లేషణలో బలాన్ని మోస్తుంది గాని, రూపకల్పనలో దానికి ఇనుము లెక్క రాదు. ఫలితాల పట్టికలో అది కనిపించదు కావున లోపం పైకి తెలియదు.

లిఫ్టు గోడల నాలుగు భుజాలకు ఒకే పేరు ఇస్తే ప్రోగ్రాం వాటిని ఒకే పెట్టెగా భావించి వంపును లెక్కిస్తుంది. వేర్వేరు పేర్లు ఇస్తే ప్రతి భుజమూ విడి గోడ అవుతుంది. మూలల వద్ద అడ్డు చువ్వలు ఒక గోడ నుండి మరొక గోడలోకి సరిగా వంచి కట్టబడినప్పుడే పెట్టె పెట్టెగా పనిచేస్తుంది. అంటే ఈ పేరు పెట్టుట కంప్యూటరు పని కాదు. స్థలంలో మూల ఎలా కట్టబడుతుందో ముందుగా ఇచ్చే హామీ.

బరువులు, కలయికలు

భూకంప ద్రవ్యరాశిలో స్వీయభారంతో పాటు, చదరపు మీటరుకు 3 కిలోన్యూటన్ల వరకు గల వాడుక భారంలో 25 శాతం, అంతకు మించితే 50 శాతం చేర్చాలి. పైకప్పు మీది వాడుక భారాన్ని చేర్చనక్కరలేదు. 2016 ప్రతిలో మండల గుణకాలు రెండవ మండలానికి 0.10, మూడవదానికి 0.16, నాలుగవదానికి 0.24, ఐదవదానికి 0.36. డోలన రీతులలో కనీసం 90 శాతం ద్రవ్యరాశి పాల్గొనవలెను. స్పెక్ట్రం పద్ధతిలో వచ్చిన అడుగు బలం స్థిర పద్ధతిలోని దానికంటె తక్కువైతే, తగిన నిష్పత్తిలో పెంచవలెను. అంతస్తు జరుగుబాటు దాని ఎత్తులో 0.004 వంతును మించరాదు.

కలయికలలో అందరికీ గుర్తుండేది స్వీయభారం, వాడుక భారం, భూకంప బలం 1.2 రెట్లు చొప్పున కలిసినది. గోడ అంచును పైకి లాగి ఎక్కువ ఇనుము కోరేది చాలాసార్లు 0.9 రెట్లు స్వీయభారం, 1.5 రెట్లు భూకంప బలం కలిసినది. అది జాబితాలో ఉన్నదో లేదో చూడవలెను.

రూపకల్పన ఎంపికలు

షియర్ వాల్ డిజైన్ ప్రాధాన్యాల పట్టికలో భారతీయ ప్రమాణాన్ని ఎంచుకొనుట మొదటి పని. తరువాత ప్రతి పియర్‌కూ సెక్షన్ విధాన్ని నిర్ణయించాలి. సింప్లిఫైడ్ విధం గోడ తలంలోని వంపును మాత్రమే చూస్తుంది. తొలి అంచనాకు అది చాలును. యూనిఫాం రీఇన్‌ఫోర్సింగ్ విధంలో చువ్వలు గోడ అంతటా సమంగా పరచుకుంటాయి. జనరల్ రీఇన్‌ఫోర్సింగ్ విధంలో అంచుల వద్ద ఎక్కువ చువ్వలను నిజంగా ఉన్నచోటనే గీయవచ్చు. డిజైన్ అని ఎంచుకుంటే కావలసిన ఇనుము శాతం వస్తుంది. చెక్ అని ఎంచుకుంటే ఇచ్చిన ఇనుము చాలునో చాలదో నిష్పత్తిగా తెలుస్తుంది. మొదట డిజైన్, చువ్వలు నిర్ణయమైన తరువాత చెక్ చేయుట మంచి క్రమం.

కాగితంపై సరిచూపు

ఉదాహరణకు 4 మీటర్ల పొడవు, 200 మిల్లీమీటర్ల మందం, ఎం25 కాంక్రీటు గల గోడ అడుగున హెచ్చించిన నిలువు భారం 2000 కిలోన్యూటన్లు, వంపు 3000 కిలోన్యూటన్ మీటర్లు, షియర్ 900 కిలోన్యూటన్లు వచ్చినవనుకుందాం.

నిలువు భారం వలన ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకు 2.5 న్యూటన్లు; వంపు వలన 5.63. అంచున మొత్తం 8.13. కాంక్రీటు బలంలో ఐదవ వంతు, అనగా 5 న్యూటన్లు దాటినందున అంచు మూలకం తప్పనిసరి. పైఅంతస్తులలో ఈ ఒత్తిడి 0.15 వంతుకు, అనగా 3.75కు తగ్గిన తరువాత దానిని ఆపవచ్చు. రెండవ అంచున 3.13 న్యూటన్ల లాగుడు మిగులుతుంది.

షియర్ లెక్కలో పొడవులో 0.8 వంతు తీసుకుంటే ఒత్తిడి 1.41 న్యూటన్లు. కాంక్రీటు బలపు వర్గమూలంలో పావు వంతు 1.25 మాత్రమే. కావున చువ్వలు రెండు వరుసలుగా ఉండవలెను. అడ్డు చువ్వలు కనీసం 0.25 శాతం, అనగా మీటరు ఎత్తుకు 500 చదరపు మిల్లీమీటర్లు. ఒక్కొక్క వరుసలో 8 మిల్లీమీటర్ల చువ్వను 200 మిల్లీమీటర్ల ఎడంలో వేస్తే ఈ కనీసం తీరుతుంది. షియర్ కోరితే మరింత వేయాలి. చువ్వ వ్యాసం గోడ మందంలో పదో వంతును మించరాదు. ప్రోగ్రాం ఫలితం ఈ అంకెలకు దూరంగా ఉంటే తప్పు పేరులోనో, కలయికలోనో, మెష్‌లోనో వెదకవలెను.

అంచు మూలకం విలువ

అంచు మూలకంలోని నిలువు చువ్వలు కనీసం 0.8 శాతం ఉండాలి. వాటిని దగ్గర దగ్గరగా రింగులతో బిగించాలి. చిలీ దేశంలో 1985 భూకంపాన్ని గోడల భవనాలు బాగా తట్టుకున్నందున, 1996 నాటి అక్కడి నిబంధనలు ఈ బిగింపును తప్పనిసరి చేయలేదు. ఆ తరువాత గోడలు సన్నబడ్డాయి, భవనాలు ఎత్తు పెరిగాయి. 2010 ఫిబ్రవరి 27న వచ్చిన 8.8 తీవ్రత భూకంపంలో అనేక గోడల అంచులు నలిగి, చువ్వలు బయటకు వంగిపోయాయి. అనంతరం ఆ దేశం నిబంధనలను మార్చుకొన్నది.

స్థలంలో చివరి పరీక్ష

లెక్క పూర్తయిన పిమ్మట పటంలో నాలుగు అంశాలు స్పష్టంగా రాయవలెను: రెండు వరుసల చువ్వలు, మూలల వద్ద వంపులు, అంచు రింగుల ఎడం, శ్లాబు చువ్వలు గోడలోకి చొచ్చే పొడవు. కాంక్రీటు పోయకముందే ఈ నాలుగింటినీ కొలవాలి. పోసిన తరువాత అవి కంటికి కనిపించవు. ఫ్లాటు కొనేవారు సైతం ఈ పటాన్ని అడిగి చూడవచ్చు. తెర మీద గోడ సరిపోయినదని తేలుట సగం పని మాత్రమే. అదే గోడ స్థలంలో లేచినదని నిర్ధారించుట మిగిలిన సగం.