గోడ దాటిన పాతబస్తీ

పాతబస్తీ ఎక్కడ మొదలవుతుందని అడిగితే హైదరాబాదీ ఎవరైనా చెప్పే జవాబు ఒకటే: మూసీ మీది నయాపూల్ దాటితే పాతబస్తీయే. ఎక్కడితో అయిపోతుందంటే మాత్రం తలా ఒక మాట చెబుతారు. ఫలక్‌నుమా, బార్కస్, చాంద్రాయణగుట్ట, సైదాబాద్ అన్నిటినీ ఆ పేరు కిందే కలిపేస్తారు. గోడ కట్టి ‘నగరమంటే ఇంతే’ అని గిరి గీసిన రోజుల్లో ఈ నాలుగూ బయటివే.

అసలు కుతుబ్‌షాహీలు ఈ నగరానికి గోడే కట్టలేదు. వాళ్ళ రాజధాని గోల్కొండ కోట జనంతో కిక్కిరిసిపోయింది. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా మూసీ మీద పురానాపూల్ వేయించడంతో దక్షిణపు ఒడ్డుకు రాకపోకలు సులువయ్యాయి. 1591లో ఆయన కొడుకు మహమ్మద్ కులీ అక్కడ కొత్త నగరానికి పునాది వేశాడు. పథకం గీసినది పేష్వా మీర్ మోమిన్ అస్తరాబాదీ. గోల్కొండ నుంచి బందరు రేవుకు పోయే బాట, మూసీ వైపు నుంచి వచ్చే బాట కలిసే కూడలిలో చార్మినార్ నిలబెట్టారు. నగరం నాలుగు భాగాలైంది. ఉత్తరాన చార్‌కమాన్, నడుమ గుల్జార్ హౌజ్, ఇంకాస్త అవతల దారుల్‌షిఫా వైద్యశాల. ఆనాటి రాజభవనాలు మిగల్లేదు కానీ ఆ కూడలి, ఆ వీధుల గీత నేటికీ చెదరలేదు.

1687లో గోల్కొండ మొఘలుల వశమైంది. ఆ తర్వాత సుబేదారు ముబారిజ్‌ఖాన్ నగరం చుట్టూ రాతిగోడ ఎత్తడం మొదలుపెట్టాడు. 1724లో అతణ్ణి యుద్ధంలో ఓడించిన మొదటి నిజాం నిజాముల్ముల్కే ఆ గోడను పూర్తి చేయించాడు. చుట్టుకొలత సుమారు ఆరు మైళ్ళు. డజనుకు పైగా దర్వాజాలు, వాటికి తోడు ఖిడ్కీలు. రెండో నిజాం హయాంలో రాజధాని ఔరంగాబాద్ నుంచి ఇక్కడికి వచ్చాక ఉమరావులు గోడ లోపల దేవిడీలనే పెద్ద భవంతులు కట్టుకున్నారు. ఒక్కో దేవిడీ చుట్టూ సిపాయిలు, మున్షీలు, నౌకర్లు, పనివాళ్ళు ఇళ్ళు వేసుకోగా మొహల్లాలు పెరిగాయి. దేవిడీలు చాలావరకు కూలిపోయాయి, మొహల్లాలు మిగిలాయి.

నదికి ఉత్తరాన బ్రిటిష్ రెసిడెన్సీ వెలిశాక చాదర్‌ఘాట్ వైపు మరో ఊరు తయారైంది. సర్కారు కాగితాల్లో గోడ లోపలిది అందరూన్ బల్దా, వెలుపలిది బేరూన్ బల్దా. 1869లో మొదటి సాలార్‌జంగ్ పురపాలన మొదలుపెట్టినప్పుడు నగరాన్ని నాలుగు విభాగాలు, శివార్లను ఐదు విభాగాలు చేశారు. 1886లో చాదర్‌ఘాట్‌కు విడిగా మునిసిపాలిటీ వచ్చింది. రెండూ ఒక్కటైంది 1933లో.

ఈలోగా 1908 సెప్టెంబర్ 28న మూసీ విరుచుకుపడింది. దాదాపు పదిహేను వేలమంది పోయారని అంచనా. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంస్థ ఇరుకు వాడలు తీసేసి రోడ్లు వెడల్పు చేసింది, పత్థర్‌గట్టీలో రాతి దుకాణాల వరుస కట్టింది. అదే కాలంలో ఏడో నిజాం కాపురం నదికి అవతల కింగ్‌కోఠీలో. కలిగినవాళ్ళూ, కచేరీలూ క్రమంగా ఆ దారే పట్టారు. అప్పటినుంచే అసలు నగరం పాతబస్తీ అయింది.

గోడ కూడా పోయింది. దర్వాజాల్లో పురానాపూల్, దబీర్‌పురా మిగిలాయి. కానీ జనం లెక్కల్లో పోయినవీ ఉన్నాయి. బోనాల ముగింపులో హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగెక్కి చార్మినార్ మీదుగా నయాపూల్ దగ్గరి ‘ఢిల్లీ దర్వాజా’కు పోతుంది. అక్కడిప్పుడు దర్వాజా లేదు. మొహర్రం పదో రోజున దబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం కూడా ఏనుగు మీదే బయలుదేరి చాదర్‌ఘాట్ చేరుతుంది. రెండు ఊరేగింపులకూ గమ్యం మూసీ ఒడ్డే.

గోడకు దూరంగా నిజాం కొలువులోని హద్రమౌత్ అరబ్బు సిపాయిల బారకాసుల చోట పెరిగింది బార్కస్. హరీస్‌కు, జామపళ్ళకు పేరుపడిన ఆ పేట ఏనాడూ అందరూన్ బల్దాలో లేదు. ఫలక్‌నుమా అయితే పైగా వంశపు ప్రభువు వికారుల్ ఉమ్రా నగరానికి ఎడంగా గుట్టమీద కట్టించుకున్న మహలు. ఇవి పాతబస్తీలో కలిసింది వయసు వల్ల కాదు. నదికి ఇవతల ఉండి, అవతలివాళ్ళకు అందే హంగులు ఆలస్యంగా అందడం వల్ల. 2020 ఫిబ్రవరిలో జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి వచ్చిన మెట్రో మూసీ దగ్గరే, ఎంజీబీఎస్‌లో ఆగిపోయింది. ఫలక్‌నుమా దాకా పొడిగింపుకు శంకుస్థాపన జరిగింది 2024 మార్చిలో. 1869లో గోడ లోపల ఉండటం హోదా, బయట ఉండటం శివారుతనం. ఇప్పుడు ఆ లెక్క తిరగబడింది. పాతబస్తీ హద్దు ఎక్కడుందో తెలియాలంటే రాళ్ళకంటే ముందు ఇలాంటి తేదీలు చూడాలి.