బొమ్మ సిపాయికి ఎర్రకోటు వేసిందెవరు?

బొమ్మ సిపాయిలు మగపిల్లల ఆట అనీ, వాటికి రంగులు వేయడం వయసొచ్చిన మగపిల్లల సరదా అనీ మనకో అభిప్రాయం ఉంది. బొటనవేలంత కూడా లేని సైనికుడికి కోటు గుండీలు, మీసం, బూట్ల మెరుపు ఓపిగ్గా దిద్దుకుంటూ కూర్చునే తమ్ముళ్లనో కొడుకులనో మీలో కొందరు చూసే ఉంటారు. ఈ సరదా చరిత్ర తిరగేస్తే ముందు తగిలేవీ మగవాళ్ల పేర్లే. అచ్చు చెక్కినవాడు, పోత పద్ధతి కనిపెట్టినవాడు, కంపెనీ పెట్టినవాడు, యుద్ధం గెలిచినవాడు. అయితే బొమ్మకు రంగు ఎవరు వేశారు అని ఒక్క ప్రశ్న వేసుకుంటే కథ మన వంటింటి బల్ల దగ్గరికి వచ్చేస్తుంది.

జర్మనీలోని న్యూరెంబర్గ్ బొమ్మల తయారీకి ఎప్పటినుంచో పేరున్న ఊరు. 1770లలో అక్కడ యోహాన్ హిల్‌పెర్ట్ అనే తగరం పనివాడు నాణెంలా పల్చటి సైనికుల బొమ్మలు పోయడం మొదలుపెట్టాడు. ఆయన చేసిన ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ది గ్రేట్ బొమ్మ గురించి సేకరణదారులు ఇప్పటికీ చెప్పుకుంటారు. పద్ధతి చూడ్డానికి తేలికే. రెండు నల్లరాతి పలకల మీద బొమ్మ ముందు వైపు ఒకటి, వెనక వైపు ఒకటి చెక్కి, రెండిటినీ కలిపి పట్టుకుని మధ్యలో కరిగిన లోహం పోస్తారు. 1839లో అదే ఊళ్లో ఎర్నెస్ట్ హైన్‌రిక్సెన్ వ్యాపారం మొదలుపెట్టి, మనిషి బొమ్మకు 30 మిల్లీమీటర్ల కొలత ఖాయం చేశాడు. అంతకుముందు ఎవరి కొలత వాళ్లది. ఒక దుకాణంలో కొన్న సైన్యం పక్కన ఇంకో దుకాణంలో కొన్న సైన్యాన్ని నిలబెడితే మరుగుజ్జులూ రాక్షసులూ యుద్ధం చేసినట్టుండేది.

పోత పని దుకాణంలో జరిగేది. రంగుల పని మాత్రం ఇళ్లకు వెళ్లేది. ఆడవాళ్లూ పిల్లలూ ఇంట్లోనే కూర్చుని రంగులు దిద్ది, ఆరబెట్టి, తిరిగి దుకాణానికి అప్పజెప్పేవారు. రోజుకూలి ఉండేది కాదు, లెక్కకు ఇంత అని ఇచ్చేవారు. ఇది మనకు తెలియని వ్యవస్థేం కాదు. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లను చూసినవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు. వెయ్యి బీడీలకు ఇంత. అన్నం పొయ్యి మీద ఉంటుంది, చాట ఒళ్లో ఉంటుంది, పక్కన పిల్ల కూడా ఆకు కత్తిరిస్తూ ఉంటుంది. అది పనిలా కనిపించదు, ఎందుకంటే ఆమె ఇంట్లోనే ఉంది కదా! న్యూరెంబర్గ్ ఇళ్లలోనూ ఇదే తీరు. చాట బదులు బొమ్మలు గుచ్చిన చెక్క ఉండి ఉంటుందేమో, అంతే తేడా.

తర్వాతి మలుపు లండన్‌లో. 1893లో విలియం బ్రిటన్ కుటుంబం సీసపు బొమ్మను లోపల గుల్లగా పోసే పద్ధతి కనిపెట్టింది. కరిగిన లోహాన్ని అచ్చులో పోస్తారు. గోడలకు ఆనుకున్న పొర చల్లబడి గట్టిపడగానే, ఇంకా ద్రవంగా ఉన్న మధ్యభాగాన్ని చటుక్కున వెనక్కి వంపేస్తారు. బయటికి నిండు మనిషి, లోపల డొల్ల. లోహం తక్కువ పడుతుంది, బరువు తక్కువ, ధర కూడా తక్కువ. జర్మనీ నుంచి వచ్చే నిండు బొమ్మలకు దీంతో గట్టి పోటీ వచ్చింది. సుమారు 54 మిల్లీమీటర్ల ఎత్తున్న ఈ సైనికులు వరుసగా ఎర్ర అట్టపెట్టెల్లో అమ్ముడుపోయేవారు.

ఇక్కడా పోత దగ్గర మగవాళ్లు, కుంచె దగ్గర ఆడవాళ్లు. కార్మాగారంలో రంగుల గదులు ఆడవాళ్లతో నిండి ఉండేవి, కొంత పని ఇళ్లకూ వెళ్లేది. ఆ కాలపు బొమ్మల ముఖాలు చూడండి. కళ్లకు రెండు చుక్కలు, ఒక మీసం, బుగ్గకు కాస్త గులాబీ. అంతే, కానీ వంద బొమ్మలకు ఆ రెండు చుక్కలూ సమంగా పడాలి. ఒకటి కాస్త పక్కకు జరిగితే వీరుడు మెల్లకన్నువాడైపోతాడు. చుక్కల ముగ్గు వేసినవాళ్లకు ఆ కష్టం తెలుసు, మనకైతే నేల విశాలంగా ఉంటుంది. అక్కడ ముఖమంతా కలిపి కందిగింజంత.

ఆ ఎర్రపెట్టెల మీద అతికించిన చీటీల్లో చాలావాటిని ఫ్రెడ్ విస్‌స్టాక్ అనే చిత్రకారుడు గీశాడు. చీటీ మీద ఆయన సంతకం ఉంటుంది. పెట్టెలోని సిపాయికి రంగు వేసిన మనిషి సంతకం ఎక్కడా లేదు. ఇప్పుడు ఆ పాత పెట్టెలు వేలంలోకి వస్తే, చీటీ చిరగకుండా ఉందా, రంగు చెదరకుండా ఉందా అన్నదాన్ని బట్టి ధర పలుకుతారు. ఆ చెదరని రంగు ఎవరిదో ఎవరూ అడగరు.

ఈ కథలో నన్ను అన్నిటికన్నా పట్టుకున్నది ఇంకొకటుంది. బ్రిటన్ కంపెనీ పెట్టెల్లో మద్రాస్ నేటివ్ ఇన్‌ఫాంట్రీ అని ఒకటి ఉండేది. గోధుమరంగు ముఖం, తలపాగా, చేతిలో తుపాకీ. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్లు చాలామంది ఉండేవారు. పద్దెనిమిదో శతాబ్దంలో కంపెనీవాళ్లు మద్రాసు వైపు సిపాయిలను బెంగాల్‌కు తీసుకెళ్లాక, ఉత్తరాది జనం సిపాయిని తిలంగా అని పిలవడం మొదలుపెట్టారు. ఎర్రకోటు వేసుకున్నవాడు ఎక్కడివాడైనా తిలంగాయే. అంటే, జీవితంలో సముద్రం దాటని ఒక లండన్ అమ్మాయి, వైజాగ్ వైపో నెల్లూరు వైపో పల్లెనుంచి పొట్టకూటికి పట్టాళంలో చేరినవాడి ముఖానికి, వాణ్ని ఎన్నడూ చూడకుండానే, వందలసార్లు రంగు వేసిందన్నమాట. ఆమె పేరు కంపెనీ చెప్పలేదు, అతని పేరు పెట్టె మీద లేదు. పెట్టె మీద ఉన్నది పటాలం పేరు ఒక్కటే.

ఆ రోజుల్లో ఇంటిపని కూలి గురించి బయటి ప్రపంచానికి పట్టిందా అంటే, ఒకసారి పట్టింది. 1906లో డైలీ న్యూస్ పత్రిక లండన్‌లో ఒక ప్రదర్శన పెట్టింది. వస్తువులతో పాటు వాటిని ఇళ్లలో చేసే ఆడవాళ్లను కూర్చోబెట్టి, వారికి గిట్టే కూలి ఎంతో జనానికి చూపించింది. అగ్గిపెట్టెల డొప్పలు అతికేవాళ్లకు గ్రోసుకు, అంటే 144 పెట్టెలకు, రెండు పెన్నీల చిల్లర. చూసినవాళ్లు సిగ్గుపడ్డారు. ఆ కదలికలోంచే 1909లో కనీస కూలి బోర్డుల చట్టం వచ్చింది. అది మొదట నాలుగు పనులకే వర్తించింది: రెడీమేడ్ బట్టలు, అట్టపెట్టెలు, లేసు, ఇనుప గొలుసులు. బొమ్మలకు రంగులు అందులో లేవు.

మరి ఆడపిల్లలు సిపాయిలతో ఆడేవాళ్లు కాదా? 1913లో రచయిత హెచ్.జి. వెల్స్ ఈ బొమ్మలతో గదిలో నేలమీద ఆడే యుద్ధానికి నియమాలు రాసి లిటిల్ వార్స్ అనే పుస్తకం వేశాడు. పన్నెండేళ్ల నుంచి నూట యాభై ఏళ్ల దాకా మగపిల్లలందరికీ పనికొస్తుందని దాని పేరు కిందే చెప్పాడు. మగపిల్లల ఆటలు నచ్చే, కాస్త తెలివైన రకం ఆడపిల్లలకు కూడా అని పక్కన చేర్చాడు! ఎంత దయో చూడండి.

ఆయనకు దాదాపు తొంభై ఏళ్ల ముందే ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఒక ఇంట్లో జరిగినది ఆయన కాస్త గుర్తు చేసుకోవలసింది. 1826 జూన్‌లో ప్యాట్రిక్ బ్రాంటీ అనే మతగురువు లీడ్స్ నుంచి వస్తూ కొడుకు కోసం పన్నెండు చెక్క సిపాయిలున్న పెట్టె తెచ్చాడు. ఆ ఇంట్లో తల్లి ఐదేళ్ల క్రితమే పోయింది. పెద్దపిల్లలిద్దరూ క్షయతో పోయి ఏడాదైంది. మిగిలిన నలుగురిలో పెద్దది, పదేళ్ల షార్లెట్, మర్నాడు పొద్దున్నే ఒక సిపాయిని లాక్కుని ఇతడు వెల్లింగ్టన్ ప్రభువు అంది. తమ్ముడు తనవాడికి బొనపార్టీ అని పేరు పెట్టాడు. ఎమిలీ, ఆన్ చెరొకటి తీసుకున్నారు. ఆ సిపాయిల కోసం దేశాలు కట్టారు, రాజ్యాంగాలు రాశారు, సిపాయి చేతిలో ఇమిడేంత బుల్లి పుస్తకాలు కుట్టి, చీమతలకాయల్లాంటి అక్షరాలతో నింపారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ ముగ్గురమ్మాయిల నవలలు లోకం చదివింది. జేన్ ఐర్, వుదరింగ్ హైట్స్ మనలో చాలామంది డిగ్రీలో చదివినవే. అన్నట్టు, షార్లెట్ కోరుకున్న ఆ వెల్లింగ్టన్ మనకు కొత్తవాడు కాదు. 1799లో టిప్పు మీదికి వెళ్లినప్పుడు హైదరాబాద్ నిజాం సేనలను నడిపించిన ఆర్థర్ వెల్స్లీ ఆయనే.

సీసపు బొమ్మల కాలం 1960లలో ముగిసింది. సీసం పిల్లల ఒంటికి మంచిది కాదన్న భయం, పెరిగిన ఖర్చు, చౌకగా దొరికే ప్లాస్టిక్ అన్నీ కలిశాయి. 1966లో బ్రిటన్ కంపెనీ గుల్ల సీసపు బొమ్మలు మానేసింది. (ఎవరి ఇంట్లోనైనా పాత సీసపు బొమ్మలుంటే అద్దాల బీరువాలోనే ఉంచండి, పసివాళ్ల నోటికి అందనివ్వకండి.) దాదాపు అప్పుడే ఆ సంస్థ ప్లాస్టిక్ సైనికుల తయారీ హాంకాంగ్ చేరింది. కూలి ఎక్కడ తక్కువో పని అక్కడికి పోయింది. మరోవైపు ఎయిర్‌ఫిక్స్ లాంటి కంపెనీలు రంగే వేయకుండా, రెండున్నర సెంటీమీటర్ల ప్లాస్టిక్ సైనికులను డజన్లకొద్దీ పెట్టెలో పోసి అమ్మడం మొదలుపెట్టాయి. రంగు మీరే వేసుకోండి అన్నారు. కూలి పని సరదాగా మారింది ఇక్కడే. ఇక్కడే కుంచె మగవాడి చేతికి వెళ్లింది, దాన్ని కళ అనడమూ మొదలైంది.

మొదట్లో ఆ రంగులు బుల్లి డబ్బాల్లో వచ్చే ఎనామిల్. టర్పెంటైన్ వాసనకు ఇల్లంతా తలనొప్పి, అందుకే ఈ సరదా షెడ్డుకో మేడమీదికో పరిమితం. దాన్ని మళ్లీ భోజనాల బల్ల దగ్గరికి తెచ్చింది యాక్రిలిక్. జర్మన్ రసాయనవేత్త ఓటో రోమ్ 1901లో డాక్టరేట్ కోసం పరిశోధించిన పదార్థం అది. ఆయన పేరుతో ఉన్న సంస్థ అమెరికా శాఖ 1953లో దాన్ని నీళ్లలో కలిసే రూపంలో ఇళ్ల గోడల రంగు కోసం అమ్మింది. మన గోడలకు వేయించే ఎమల్షన్ దీనికి దగ్గర చుట్టమే. ఆ దశాబ్దం మధ్యకే చిత్రకారుల ట్యూబుల్లోకి వచ్చింది. సైనికుల బొమ్మల వాళ్లు ఇష్టపడే వల్లేహో కంపెనీ 1965లో అమెరికాలో మొదలై తర్వాత స్పెయిన్ చేరింది. అది మొదట తయారుచేసింది కార్టూన్ సినిమాల రంగులు. డిస్నీలో ఆ కార్టూన్ బొమ్మలకు పలకల మీద రంగులు నింపినదీ ఎక్కువగా ఆడవాళ్లే, మళ్లీ పేర్లు లేకుండానే.

యాక్రిలిక్ గుట్టు చిన్నది. నీళ్లలో తేలే ప్లాస్టిక్ రేణువులు, నీరు ఎగిరిపోగానే ఒకదానికొకటి అతుక్కుని పొరవుతాయి. తడిగా ఉన్నంతసేపూ కుళాయి కింద కడిగితే పోతుంది. ఆరాక పోదు, కుంచెకైనా చీర అంచుకైనా. మన ఎండల్లో, ఫ్యాను కింద, రంగు పలక మీదే గట్టిపడుతుంది. దీనికి ఈ సరదావాళ్లు చేసేది మనం చపాతీ పిండి మీద తడిబట్ట కప్పడం లాంటిదే: మూతున్న డబ్బాలో తడి స్పాంజి, దాని మీద బేకింగ్ కాగితం, దాని మీద రంగు. మూతపెడితే మర్నాటికీ తడిగానే ఉంటుంది. బొమ్మను ముందు గిన్నెల సబ్బునీళ్లతో కడగాలి, జిడ్డుంటే రంగు పట్టదు. తర్వాత ప్రైమరు, పల్చగా రెండు మూడు పూతలు. మడతల్లో నీళ్లలాంటి ముదురు రంగు దిగనిచ్చి, ఎత్తుల మీద లేత రంగు తాకిస్తే రెండున్నర సెంటీమీటర్ల మనిషికి ఒళ్లు వస్తుంది. కుంచె మొన కోసం నోట్లో పెట్టుకునే అలవాటు మాత్రం వద్దు, కొన్ని రంగుల్లో కాడ్మియం లాంటివి ఉంటాయి.

కొండపల్లిలో ఇప్పటికీ తెల్లపొణికి చెక్కేది ఎక్కువగా మగవాళ్లు, రంగులు వేసేది ఎక్కువగా ఆడవాళ్లు. సంక్రాంతి కొలువులో మనం నిలబెట్టే అంబారీ ఏనుగు మావటికి కళ్లు దిద్దిన ఆమె ఎవరో మనమూ అడగలేదు.

మీలో ఎవరికైనా కుంచె పట్టాలనిపిస్తే, లేదా ఇంట్లో పట్టినవాళ్లు ఉంటే, ఒక తిలంగాను వేసి చూడమంటాను. కోటు ఎర్రది, ఛాతీ మీద అడ్డంగా తెల్ల పట్టీలు, కాలరుకూ కఫ్ఫులకూ ఏ రంగన్నది పటాలాన్ని బట్టి మారుతుంది. ముఖం దగ్గర కాస్త ఆగాలి. ఫ్లెష్ అని రాసి ఉన్న సీసా తీస్తే సాధారణంగా లోపల ఉండేది గులాబీ. మన ముఖం కావాలంటే గోధుమరంగులో కొంచెం ఎరుపు, చుక్క పసుపు కలుపుకోవాలి. బుగ్గ ఎముక మీద దాన్నే కాస్త లేతగా, మెడ వెనక కాస్త ముదురుగా.