జీవాంజి దీప్తి క్రీడాప్రస్థానం: విభాగీకరణ పాత్ర

ఉపోద్ఘాతం

క్రీడాకారిణుల చరిత్రను పతకాల పట్టికగానో, పట్టుదలకు నిదర్శనంగానో రాయడం పరిపాటి. అయితే ప్రతిభ వెలుగు చూడాలంటే అది పోటీపడగల విభాగం ముందుగా ఉండాలి. మహిళల పోల్‌వాల్ట్ ఇందుకు ఉదాహరణ. ఒలింపిక్స్‌లో పురుషులకు 1896 నుండి ఉన్న ఈ అంశం మహిళలకు 2000 సిడ్నీ క్రీడలలో గాని లభించలేదు. అంతకుముందు తరాల వారికి ఆ వేదికే లేదు. ఉత్తర తెలంగాణకు చెందిన పరుగు క్రీడాకారిణి జీవాంజి దీప్తి ప్రస్థానాన్ని ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

మూసుకుని తెరుచుకున్న ద్వారం

అదే 2000లో సిడ్నీ పారాలింపిక్స్ బాస్కెట్‌బాల్ పోటీలో మేధోవైకల్య విభాగంలో గెలిచిన స్పెయిన్ జట్టులో అధికసంఖ్యాకులకు ఆ వైకల్యమే లేదని తేలింది. ఫలితంగా ఆ వర్గపు క్రీడాకారులందరికీ 2004, 2008 పారాలింపిక్స్‌లో ప్రవేశం లేకపోయింది. కొందరి మోసానికి ఒక వర్గమంతా మూల్యం చెల్లించింది. 2012 లండన్‌లో వారికి తిరిగి అవకాశం దక్కినా, మహిళల 400 మీటర్ల టి20 పరుగు 2016 రియోలో మాత్రమే చేరింది. అప్పటికి దీప్తి బడి పిల్ల.

కల్లెడ నుండి పారిస్‌కు

దీప్తి 2003లో వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడలో వ్యవసాయ కూలీ కుటుంబంలో జన్మించారు. మేధోవైకల్యం కారణంగా బాల్యంలో ఊరివారి హేళనకు గురయ్యారు. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు ఆమె వేగాన్ని గుర్తించగా, శిక్షకుడు నాగపురి రమేశ్ హైదరాబాద్‌లో తీర్చిదిద్దారు. తొలుత ఆమె సాధారణ విభాగపు బాలికలతోనే పోటీపడ్డారు. పుల్లెల గోపీచంద్ సూచనతో సికింద్రాబాద్‌లోని మేధోవైకల్య జాతీయ సంస్థలో జరిగిన పరీక్షలు ఆమెను పారా క్రీడల వైపు నడిపించాయి.

ఫలితాలు త్వరలోనే వెలువడ్డాయి. 2023 అక్టోబరులో హాంగ్‌జౌ ఆసియా పారా క్రీడలలో 56.69 సెకన్లతో స్వర్ణం లభించింది. 2024 మేలో కోబె ప్రపంచ పోటీలలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు నెలకొల్పారు. ఆ రికార్డును పారిస్ ప్రాథమిక పరుగులో తుర్కియే క్రీడాకారిణి ఆయ్‌సెల్ ఓండర్ అధిగమించారు. 2024 సెప్టెంబరు 3న జరిగిన తుది పోటీలో దీప్తి 55.82 సెకన్లతో కాంస్యం సాధించి, పారాలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మేధోవైకల్య క్రీడాకారిణిగా నిలిచారు. అనంతరం అర్జున పురస్కారం అందుకున్నారు.

ముగింపు

ఊరిలో హేళనకు కారణమైన వైకల్యమే, శాస్త్రీయంగా నిర్ధారణ అయిన పిమ్మట, సమాన పోటీకి అర్హత అయింది. పేరు పెట్టి కించపరచడానికీ, పేరు పెట్టి అవకాశం కల్పించడానికీ గల భేదం ఈ ప్రస్థానంలో స్పష్టమవుతుంది. ఉత్తర తెలంగాణలో కరీంనగర్, ఆదిలాబాద్ క్రీడా పాఠశాలలు శారీరక సామర్థ్య పరీక్షల ద్వారా పిల్లలను ఎంపిక చేస్తున్నాయి. వేగాన్ని కొలిచే ఆ పరీక్షలతోపాటు, తగిన విభాగాన్ని నిర్ధారించే ఏర్పాటు కూడా జిల్లా స్థాయికి చేరాలి. లేనిపక్షంలో దీప్తి వంటి వారి గుర్తింపు ఒక ఉపాధ్యాయుని చూపుపై, ఒక శిక్షకుని చొరవపై ఆధారపడే యాదృచ్ఛిక ఘటనగానే మిగులుతుంది.