తూము ఎక్కడుందమ్మా?

పొద్దున్న ఆరున్నర. విజయవాడ మొగల్రాజపురం కొండ దాటి ఎండ ఇంకా ఇటు దిగలేదు. నాలుగంతస్తుల అపార్టుమెంటు ముందు టాటా ఏస్ ఆగింది. బండి వెనక వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకు, దాని పక్కన తాళ్లతో బిగించిన మోటారు, పంపు, చుట్టలుగా చుట్టిన నల్లటి హోసు, రెండు జతల గమ్‌బూట్లు, ఓ కట్ట పాత గోనెసంచులు. మీరు డ్రైవరు పక్క సీట్లోంచి దిగండి. ప్రెజర్ వాషర్ పని చూడ్డానికి వచ్చినవాళ్ల కళ్లు ముందు ఆ మోటారు మీదకే పోతాయి. బండి ఓనరు మాత్రం వెనక్కి ఇంకా వెళ్లనే లేదు. గేటు దగ్గర ముగ్గేస్తున్న వాచ్‌మన్ భార్యని అడుగుతున్నాడు.

"డాబా మీద తూములెన్నమ్మా? వాన నీళ్లు దిగే పైపు కింద దేనికి కలిపారు?"

"ఒకటేనండీ. ఇంకుడు గుంతలోకి."

"ఒరేయ్, ముందు ఆ బెండు ఊడదియ్యి."

కుర్రాడు పార్కింగ్ మూలకి వెళ్లి, గోడ వెంట దిగిన నాలుగంగుళాల పైపు అడుగున ఉన్న బెండును అటూ ఇటూ తిప్పి ఊడదీశాడు. దాని చోట పొడుగాటి గొట్టం తొడిగి, రోడ్డు పక్క డ్రైనేజీ దాకా లాగాడు. పావుగంట పట్టింది. ఈ పావుగంటకి బిల్లులో లెక్క ఉండదు. కానీ పైనుంచి దిగే పాచి, మట్టి, బ్లీచింగ్ కలిసిన నీళ్లు ఆ గుంతలోకి పోయాయంటే, అందులో పోసిన ఇసుకా కంకరా సందులు లేకుండా పూడుకుపోతాయి. వచ్చే ఏడు వాన పడితే గుంత నిండి పార్కింగ్‌లోకి పొంగుతుందే తప్ప నేలలోకి ఇంకదు. నన్నడిగితే ఈ పనిలో మనిషి పనితనం తెలిసేది ఇక్కడే. నీళ్లు చిమ్మే గన్ను పట్టుకోవడం ఎవరికైనా వారంలో వస్తుంది.

డాబా ఎక్కే ముందు ఓనరు నాలుగో అంతస్తులో ఆగి బెల్లు కొట్టాడు. "అమ్మా, పైన కడగడానికి వచ్చాం. ఒక్కసారి మీ సీలింగు చూసుకుంటాం." ఆవిడ ఆశ్చర్యపడుతూనే లోపలికి రానిచ్చారు. బెడ్‌రూమ్ మూలన కప్పు మీద చెయ్యంత మేర పసుపు మరక, అంచుల్లో సున్నం పొరలు లేచాయి. దాన్ని ఫోనులో ఫొటో తీసుకున్నాడు. స్లాబులో వెంట్రుకవాసి పగులు ఉంటే వాన నీళ్లు నెలకి దిగుతాయి. గన్ను నీళ్లు ఆ పూటే దిగుతాయి. "సరిగ్గా దీని పైన గన్ను పెట్టనమ్మా. అక్కడ బ్రష్షుతోనే తోమిస్తా." ఆవిడకి ఆ మాటతో కాస్త ధైర్యం వచ్చింది.

ఇప్పుడు పైకి రండి, అడుగు చూసుకుని వెయ్యండి. అక్టోబరు చివరి వారం, మూడు నెలల వానలు తిన్న డాబా ఇది. నీళ్ల ట్యాంకుల నీడ పడే ఉత్తరం వైపు పాచి పచ్చగా, మెత్తగా ఉంది, చెప్పు ఆనిస్తే జారుతుంది. ఎండ తగిలే వైపు అదే పాచి నల్లగా ఎండి సిమెంటుకి కరుచుకుంది. పావురాల రెట్టలు, పిట్టగోడ పొడుగునా నల్లటి చారలు. మూడు వేల చదరపు అడుగులు. అడుగుకి మూడు రూపాయల చొప్పున మాట్లాడుకున్నారు.

మోటారు పైకి మొయ్యరా అని మీరు అడగొచ్చు. మొయ్యరు. పది మీటర్ల ఎత్తు నీటి బరువంటే ఒక్క బార్ ఒత్తిడి. కింద పంపు 130 బార్‌తో నెడుతుంటే, పన్నెండు పదమూడు మీటర్లు పైకెక్కడానికి పోయేది బార్‌కి కాస్త ఎక్కువ, అంతే. అందుకని పంపు బండిలోనే ఉంటుంది, హోసు ఒక్కటే గోడ వెంబడి పైకి వస్తుంది. ఇక మన ఇళ్లలో మీద ట్యాంకు నుంచి కుళాయికి దిగే ఒత్తిడి ఒకటో, అరో. తేడా ఎంతో మీరే ఆలోచించండి.

నాజిళ్లు నాలుగు, రంగుల్లో ఉంటాయి. ఎరుపు సున్నా డిగ్రీలు, నీళ్లు సన్నటి గీతలా వస్తాయి. పసుపు 15, ఆకుపచ్చ 25, తెలుపు 40, విసనకర్రలా విచ్చుకుంటూ పోతాయి. ఎరుపు నాజిల్ ఆయన సంచిలోనే ఉంటుంది, బయటికి తియ్యగా నేను చూడలేదు. అది సిమెంటులో గాడి పెడుతుంది. ఆకుపచ్చది బిగించి, నీళ్ల ట్యాంకు వెనక ఎవరికీ కనిపించని మూలకి వెళ్లి, నేలకి రెండడుగుల ఎత్తున గన్ను నొక్కాడు. నెమ్మదిగా దించుతూ వచ్చాడు. జానెడు ఎత్తు దగ్గర నల్లటి పొర విడిపోయి కింద బూడిదరంగు సిమెంటు బయటపడింది. వంగి అక్కడ అరచేత్తో రాశాడు. చేతికి ఇసుక అంటలేదు. అంటి ఉంటే సిమెంటు లేచిపోతోందని అర్థం, అప్పుడు తెల్ల నాజిల్‌కి మారాలి. ఈ నేలకి జానెడు సరిపోయింది.

గన్ను మీ చేతికీ ఇస్తాడు, భయం లేదు. నొక్కగానే మూడు కేజీల బరువు మిమ్మల్ని వెనక్కి తోస్తుంది, ముందు కాలు కాస్త వంచి నిలబడాలి. నిమిషానికి పన్నెండు లీటర్లే పోతున్నా, నాజిల్ మూతి దగ్గర నీటి వేగం గంటకి 500 కిలోమీటర్లు దాటుతుంది. చెవుల్లో ఒకటే హోరు, మొహం మీద సన్నటి తుంపర, తడిసిన పాచి వాసన. మీరు తిన్నగా ముందుకీ వెనక్కీ ఊపుతారు, నేల మీద చారలు పడతాయి. ఆయన మీ మోచెయ్యి పట్టుకుని సరిచేస్తాడు. ఒక వరుస మీద సగం దాకా రెండో వరుస ఎక్కాలి, చెయ్యి ఆగకూడదు, దూరం మారకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, తూముకి ఎదురుగా ఉన్న మూలనుంచి మొదలుపెట్టాలి. కడిగిన చోట మళ్లీ మురికి పారకుండా వాలు వెంట తూము దాకా నడిపించుకు రావాలి.

కుర్రాడు చెప్పులతో రాబోతే మాత్రం ఆయన గొంతు లేచింది. "బూట్లేవిరా?" అతను కిందికి పరిగెత్తాడు. అతను వెళ్లాక ఆయన నాతో చెప్పాడు. ఆ నీళ్లు దగ్గర్నుంచి కాలికో చేతికో తగిలితే పైకి సూది గుచ్చినంత గాటే కనబడుతుంది. నీళ్లూ మురికీ మాత్రం చర్మం కింద లోతుకి పోయి ఉంటాయి. నొప్పి లేదని ఇంటికెళ్లి పడుకోకూడదు, ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లి, ప్రెజర్ వాషర్ తగిలిందని డాక్టరుకి చెప్పాలి. ఈ ఒక్క సంగతి ఈ పని చేసే ప్రతి కుర్రాడికీ తెలియాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఎండిన నల్ల పాచి మీద బ్లీచింగ్ కలిపిన నీళ్లు చల్లి పావుగంట ఆగారు. తులసికోట, పూల కుండీలు అప్పటికే మెట్ల మీదకి చేరాయి. అంతలో మూడో అంతస్తు పెద్దావిడ ఓ సీసా పట్టుకుని వచ్చారు.

"ఇంకా నలుపు పోలేదు కదా బాబూ. ఇదిగో, బాత్‌రూముల్లో వాడే యాసిడ్. కాస్త పోస్తే అదే పోతుంది."

"వద్దమ్మా, దయచేసి ఆ మూత తియ్యకండి. కింద బ్లీచింగ్ ఉంది. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాసు లేస్తుంది, ఊపిరాడదు. పైగా ఈ మెట్లు కడప నాపరాళ్లు, సున్నపురాయి జాతి. యాసిడ్ పడితే బుసబుసా పొంగి పాలిష్ మొత్తం తినేస్తుంది."

ఆవిడ సీసాని కొంగులో చుట్టుకుని వెళ్లిపోయారు. పావుగంట అయ్యాక అదే నలుపు తెల్ల నాజిల్‌కే లొంగిపోయింది. నీళ్ల జోరు కన్నా ఆ పావుగంట ఓపికే ఎక్కువ పని చేసిందని నేను దగ్గరుండి చూశాను.

ఎనిమిది దాటింది. ఆయన ఉన్నట్టుండి గన్ను వదిలేసి, పిట్టగోడ మీంచి కిందికి అరిచాడు: "ఆపరా!" నాకేమీ తెలియలేదు. ఆయన చేతిలో గొట్టం వణుకు మారిందట. నిమిషానికి పన్నెండు లీటర్ల చొప్పున వెయ్యి లీటర్లు గంటా ఇరవై మూడు నిమిషాలు వస్తాయి. ట్యాంకులో నీళ్లు అడుక్కి వస్తే పంపు నీళ్లతో పాటు గాలిని పీలుస్తుంది. పంపు లోపల మూడు సెరామిక్ ప్లంజర్లు రబ్బరు సీళ్ల మధ్య ఆడుతుంటాయి. ఆ సీళ్లకి చల్లదనమూ నీళ్లే, జారుడూ నీళ్లే. పొడిగా తిరిగితే క్షణాల్లో మాడతాయి. కొత్త సీళ్ల కోసం ఆటోనగర్ తిరగాలి, ఆ రోజు కూలీ మాత్రం ఇవ్వాల్సిందే. అపార్టుమెంటు బోరు నుంచి ట్యాంకు నింపారు. పైపు మూతికి కట్టిన జల్లెడలో చిటికెడు ఇసుక పడింది. దాన్ని దులిపి మళ్లీ బిగించాడు.

ఈలోపు తూము దగ్గర చూడండి. గోనెసంచులు రెండు మడతలు పెట్టి అడ్డం వేశారు. నీళ్లు సంచిలోంచి వడకట్టుకుని పోతుంటే, ఇవతల నల్లటి బురద పేరుకుంటోంది. పాచి, రాలిన సిమెంటు రవ్వ, ఎండాకులు, ఈకలు, గాలిపటం తోక. కుర్రాడు చేటతో ఎత్తి బకెట్టులో పోస్తున్నాడు. ఇదంతా రోడ్డు డ్రైనేజీలోకి వదిలితే అడిగేవాళ్లు లేరు. కానీ ఆయన దీన్ని సంచుల్లో కట్టించి మున్సిపాలిటీ చెత్త బండికే ఎక్కిస్తాడు.

ఎందుకంత పట్టింపు అని టీ తాగుతూ అడిగాను. సింగ్‌నగర్ సంగతి ఎత్తాడు.

2024 సెప్టెంబరు 1 తెల్లారేసరికి బుడమేరు వాగు ఊరి మీద పడింది. డైవర్షన్ కాలువ కట్టకి గండ్లు పడ్డాయి. అటు కృష్ణ కూడా నిండుగా ఉంది, మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట ఇళ్లల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. తీసే కొద్దీ వీధుల్లో బురద. ప్రభుత్వం ఫైరింజన్లు పెట్టి ఇళ్లు కడిగించింది. ఈయన కూడా బండేసుకుని వెళ్లాడు.

మొదటి ఇంట్లో అడుగుపెట్టేసరికి మంచం కోళ్ల దాకా ఒండ్రు. ఫ్రిజ్ వెల్లకిలా పడి ఉంది, బియ్యం డబ్బాలో నీళ్లు, పెళ్లి ఫొటో మీద బురద గీత. ఇంటావిడ గుమ్మంలో నిలబడి "కడిగెయ్యి అన్నా, కడిగెయ్యి" అంటోంది. అలాంటి చోట గన్ను పనికిరాదు. ముందు కరెంటు మెయిన్ తీయించాలి. బురద తడిగా ఉండగానే పారలతో తోడాలి. ఎండితే గట్టిపడి పెళ్లలు కడుతుంది. తరవాతే నీళ్లు, అవీ తక్కువ ఒత్తిడితో, స్విచ్చు బోర్డుల వైపు పోకుండా. ఇవన్నీ ఆయనకి తెలిసినవే. తెలియనిది ఒకటే, కడిగిన నీళ్లని ఎక్కడికి పంపాలి? డ్రైన్లే బురదతో నిండి ఉన్నాయి. ఈ గుమ్మంలోంచి వదిలితే పల్లంలో ఉన్న ఎదురింట్లోకి దిగుతుంది, వాళ్లు అప్పుడే ఊడ్చుకున్నారు.

ఆయన గన్ను పక్కన పెట్టి వీధంతా నడిచాడు. వాలు ఎటుందో చూశాడు. ఇంటికొకరిని పిలిచి, ముందు వీధి చివరి డ్రైను పూడిక తీయించాడు. తరవాత ఎత్తున ఉన్న ఇంటి దగ్గర మొదలుపెట్టి, ఒక్కో ఇల్లు దిగుతూ వచ్చారు. ఇల్లు ఎవరిదైనా చీపురు పట్టుకుని అందరూ రావాలని మాట తీసుకున్నాడట. "మా ఇల్లు ముందు కడగమని పోట్లాడినవాళ్లే, వరుస అర్థమయ్యాక పక్కింటి ముందు నీళ్లు తోశారు." ఆ వీధిలో డబ్బులు తీసుకోలేదని డ్రైవరు చెప్పాడు, ఆయన చెప్పలేదు.

పదకొండున్నరకి డాబా పూర్తయింది. సెక్రటరీ గారు, రిటైరైన టీచరు, చెప్పులు విప్పి నేలంతా నడిచి చూశారు. వేసవిలోపు కూలింగ్ పెయింటు వేయించాలని ఆయన ఆలోచన. అందుకే ఈ కడుగుడు. పాచి మీద రంగేస్తే మొదటి ఎండకే పొరలుగా లేస్తుంది.

"పోయినేడు ఎవరో సగానికే కడిగిపోయారయ్యా."

"అవును మాష్టారూ. ఆ తరవాతే మీ గుంత ఇంకడం మానేసింది. వాచ్‌మన్ చెప్పాడు, వానకి పార్కింగులో నీళ్లు నిలబడ్డాయట. పై మట్టి తోడించి కంకర మార్పించండి. నేను పైపు మళ్లీ గుంతకే కలిపి వెళ్తా."

సెక్రటరీ గారు ఇంక బేరం ఆడలేదు. మాట్లాడుకున్న తొమ్మిది వేలు ఫోనులో పంపేశారు. కుర్రాడు బెండు తొడిగి, పంపులో మిగిలిన బ్లీచింగ్ పోయేలా మంచినీళ్లు పంపి, హోసు చుట్టేశాడు.

బండి బెంజ్ సర్కిల్ దాటకముందే ఫోను మోగింది. కాలువ గట్టు మీద లారీల షెడ్డు, ఇంజన్లూ ఛాసీలూ కడగాలి, నెలంతా పని, అడ్వాన్సు ఇస్తామన్నారు. ఈ సీజనులో నెలంతా పని అంటే చిన్న మాట కాదు. ఆయన బండి పక్కకి తీయించి అన్నీ విన్నాడు. "నీళ్లు ఎటు పోతాయండీ?" అని అడిగాడు. అవతల ఏం చెప్పారో ఆయన మొహంలోనే తెలిసింది.

"కాలువలోకి గ్రీజు వదల్లేనండీ. షెడ్డు వాలు చివర మూడడుగుల లోతు గుంట తవ్వి ఇటుకతో కట్టించండి. నీళ్లు బయటికి పోయే పైపు పైనుంచి పెట్టొద్దు, బెండు వేసి మూతి అడుక్కి దించండి. నూనె పైన తేలి గుంటలోనే ఉంటుంది, తోడి డబ్బాల్లో పట్టుకోవచ్చు. అడుగు నీళ్లు మురుగు లైనుకి కలపండి. మేస్త్రీ లేకపోతే మా వాణ్ణి పంపిస్తా, రెండ్రోజుల పని. అది అయిన రోజు ఫోన్ చెయ్యండి, మర్నాడు పొద్దున్నే బండి మీ షెడ్డు దగ్గరుంటుంది."