సున్నము, క్షారము, మన పూర్వులు

మూసీనది కృష్ణలో గలియు వాడపల్లి, దామరచర్ల మండలములోనిదే. సంగమస్నానమునకు వచ్చువారు అగస్త్యేశ్వరుని, నరసింహస్వామిని దర్శించి మరలుదురు గాని, కాలిక్రింది రాతిని పరికించువారు అరుదు. అది సున్నపురాయి. కృష్ణకు ఈవలను, ఆవల పల్నాటిలోను పరచుకొన్న రాతిపొరలలోనిది. వాడపల్లి, విష్ణుపురముల సిమెంటు కర్మాగారములు దానిని నమ్ముకొని పుట్టినవే. ఆమ్లక్షారముల చరిత్రలో సగపాలు ఈ రాతి చరిత్రమే యని మా యభిప్రాయము.

శుద్ధమైన సున్నపురాయి 100 మణుగులు బట్టీలో చక్కగా కాలినచో 56 మణుగుల సున్నము మాత్రమే దిగును. తక్కిన 44 మణుగులు ఏమైనవి? ఈ చిన్నప్రశ్నను చదువరులు మనసున నుంచుకొందురు గాక.

సున్నమును మనము ముందుగా ఎరిగినది వంటింటిలోను, తాంబూలపు పళ్లెములోను. పసుపునకు సున్నము తగిలిన ఎఱ్ఱనగును. పారాణికిని, దిష్టి తీయు ఎఱ్ఱనీళ్లకును ఇదియే మూలము. అందులో నిమ్మరసము పిండిన మరల పసుపువన్నె వచ్చును. ఇంగ్లండులో రాబర్టు బాయిలు పండితుడు 1664లో ప్రకటించిన వర్ణగ్రంథమున ఊదాపూల పానకము ఆమ్లముచే ఎఱ్ఱబడుటను, క్షారముచే పచ్చబడుటను పరీక్షాసాధనముగా జూపెను. మన గృహిణుల చేతిలో అట్టి సాధనమే ఎన్ని తరములనుండియో కలదు. దానిని పరీక్షగా భావించినవారు మాత్రము లేరైరి.

పరీక్ష లేకపోయినను ప్రక్రియ కలదు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున క్షారపాకవిధి యను అధ్యాయమొకటి యున్నది. చెట్లను కాల్చి, ఆ బూడిదను నీటిలో గలిపి, పలుమార్లు వడగట్టి, తేటను కాచవలెను. ఊరక కాచినది మృదుక్షారము. కాల్చిన సున్నపురాళ్లు, శంఖములు, ముత్యపుచిప్పలు అందులో వేసి కాచినచో అది తీక్ష్ణమై మాంసమును దహించును. శస్త్రవైద్యుడు మొలలను, దుర్మాంసమును దానితో తొలగించును. క్షారము మితిమీరి కాల్చిన చోట పుల్లని వస్తువులతో శమింపజేయవలెననియు ఆ గ్రంథమే చెప్పుచున్నది. ఆమ్లముతో గూడినప్పుడు క్షారము తన తీక్ష్ణతను విడుచును, నీటిచే అగ్ని చల్లారినట్లు అని సుశ్రుతుని సమాధానము. తటస్థీకరణమని నేడు మేము తరగతిలో బోధించునది ఇదియే గదా!

ఈ విధిని చూచి ఫ్రాన్సు దేశపు రసాయనవేత్త బెర్తెలో ఆశ్చర్యపడి, ఇది ఐరోపీయుల పరిచయము తరువాత చొప్పించినదై యుండునని శంకించెను. 1902లో 'హిందూ రసాయనశాస్త్ర చరిత్రము' ప్రథమ సంపుటము వెలువరించిన ప్రఫుల్లచంద్ర రాయిగారు, వాగ్భటుడును చక్రపాణియు ఐరోపా స్పర్శ లేని కాలముననే ఈ విధిని చెప్పిరని చూపి ఆ శంకను త్రోసిపుచ్చిరి. వారి వాదము మాకు సమ్మతము.

అయినను 'అన్నియు మనకు ముందే తెలియును' అని గర్వించువారితో మేము ఏకీభవింపజాలము. తీక్ష్ణత్వము ఎందువలన వచ్చెనో సుశ్రుతుడు చెప్పలేదు. దానిని చెప్పినవాడు స్కాట్లండు వైద్యుడు జోసెఫు బ్లాకు. 1756లో ప్రచురించిన పరిశోధనలో అతడు ప్రతి మెట్టునను త్రాసు పట్టెను. రాయి కాలునపుడు పోయిన బరువు ఒక వాయువు బరువు. నేటి మాటలో బొగ్గుపులుసు వాయువు. మన 44 మణుగులు ఇవియే. మృదుక్షారములోను ఆ వాయువే బంధింపబడి యున్నది. సున్నము దానిని లాగికొని మరల సుద్దయై అడుగున దిగును. వాయువును గోలుపోయిన క్షారము తీక్ష్ణమై పైన నిలుచును.

మన యొద్ద ఈ ప్రశ్న ఏల పుట్టలేదు? రాయిగారే ఆ గ్రంథమున కులభేదమును ఒక కారణముగా జెప్పిరి. చేతిపని ఒక జాతికి, ఆలోచన మరియొక జాతికి పంచియిడుటచే శాస్త్రదృష్టి నశించెనని వారి నిర్ణయము. బట్టీ కాల్చువానికి రాతి గుణము తెలియును. చవుటిమన్నుతో బట్టలు ఉబ్బబెట్టు చాకలికి క్షారము పని తెలియును. శ్లోకము తెలిసిన వైద్యుడు వీరి సరసను గూర్చుండి ముచ్చటింపలేదు. ఈ దోషమును విదేశీయులపై నెట్టుట న్యాయము గాదు.

పిమ్మటి కథ వేగముగా నడచినది. ఆమ్లములకెల్ల ఒకే వాయువు మూలమని తలచి లవోజియరు దానికి ఆ అర్థము వచ్చు పేరు పెట్టెను. 1810 నాటికి డేవీ అది పొరపాటని తేల్చెను. ఉప్పుద్రావకములో ఆ వాయువు లేనేలేదు. మన 'ఆమ్లజని' యను మాటలో మాత్రము ఆ పొరపాటు నేటికిని నిలిచియున్నది. 1887లో స్వీడను దేశీయుడు అర్హీనియసు ద్రవములోని విద్యుత్కణములతోను, 1923లో బ్రాన్‌స్టెడు, లౌరీ వేఱువేఱుగా ప్రోటాను దానముతోను ఆమ్లక్షారములను నిర్వచించిరి.

దామరచర్ల మండలములోని వీర్లపాలెమున 800 మెగావాట్ల యంత్రములు ఐదింటితో తలపెట్టిన యాదాద్రి విద్యుత్కేంద్రమునకు 2015లో శంకుస్థాపన జరిగినది. బొగ్గు మండునపుడు గంధకము కూడ మండి ఘాటైన వాయువగును. అది గాలిలోని తేమతో గూడి ఆమ్లమగును. సున్నపురాతి పొడి కలిపిన నీటిని ఆ పొగపై చిలికించినచో ఆ వాయువు పట్టుపడి, తుదకు జిప్సమగును. జిప్సము సిమెంటులో కలుపుటకు పనికివచ్చును. అట్టి రాయియు, ఆ సిమెంటు కర్మాగారములును ఆ మండలముననే యున్నవి.