బయల్దేరేముందే దారి కనబడాలి

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. చెన్నపట్నం సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఆయన దారిపొడవునా చూసినదంతా మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాస్తూ వచ్చారు. పిళ్లె ఆ రాతల్ని 1838లో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చువేయించారు. ఆ పుస్తకాన్ని తెలుగులో తొలి యాత్రాగ్రంథంగా, సాంఘిక చరిత్రగా చదవడం మనకు అలవాటైంది. కానీ అందులో అడుగడుగునా కనబడేది దారి సమాచారం. మజిలీకీ మజిలీకీ ఎంత దూరం, బాట ఎలాంటిది, మధ్యలో ఏ ఏరు దాటాలి, ఏ ఊళ్లో అంగళ్లున్నాయి, ఎక్కడ నీళ్లు దొరుకుతాయి అన్న వివరాలు వెనక వచ్చే యాత్రికుడికి అక్కరకొచ్చేవి. అయితే ఎంత శ్రద్ధగా రాసిన పుస్తకమైనా ఇక్కడ వాగుందని చెప్పగలదు గానీ, ఇవాళ ఆ వాగు పొంగిందో లేదో చెప్పలేదు. ఆ లోటు తీర్చడానికి గత శతాబ్దంలో జరిగిన ప్రయత్నాల్లో ట్రాఫిక్ కెమెరా ముఖ్యమైనది. దాని చరిత్ర చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. అధికారి గదిలో ఉన్నంతకాలం అది రద్దీని అదుపుచేసే పరికరం మాత్రమే. ప్రయాణికుడి చేతికొచ్చాకే అది ప్రయాణాన్ని కాపాడే సాధనమైంది.

దారి ఇప్పుడెలా ఉందో జనానికి చెప్పాలన్న ఆలోచన కెమెరా కంటే ముందే రేడియోతో మొదలైంది. అమెరికా నగరాల్లో కార్లు పెరిగి, ఉదయం సాయంత్రం రోడ్లు స్తంభించిపోతుంటే, 1950ల చివర్లో రేడియో స్టేషన్లు హెలికాప్టర్లు పంపాయి. షికాగోలో పోలీసు అధికారి లెనర్డ్ బాల్డీ గాల్లోంచి చూసి డబ్ల్యూజీఎన్ రేడియోలో రోడ్ల పరిస్థితి చెప్పేవారు. ఎక్కడ లారీ పడిందో, ఏ దారిన వెళ్తే మేలో ఆయన నోటివెంట విని జనం మార్గం మార్చుకునేవారు. 1960 మేలో ఆ హెలికాప్టర్ కూలి బాల్డీ చనిపోయారు. దారి సంగతి తెలుసుకోవాలన్న అవసరం ఎంత బలమైనదో, దానికి ఒక మనిషి ఎంత ప్రమాదానికి ఎదురెళ్లాల్సి వచ్చిందో ఈ ఒక్క ఉదంతం చాలు చెప్పడానికి. పైగా రేడియో చెప్పేది ఒకరు చూసిన దృశ్యాన్ని, అదీ వారు చూసిన కాసేపటికి. వినేవాడికి తన దారిని తాను చూసే వీలు లేదు.

అదే కాలంలో రెండు నగరాలు రెండు దారులు పట్టాయి. డెట్రాయిట్‌లో 1960ల మొదట్లో జాన్ సి. లాడ్జ్ ఫ్రీవే మీద 3.2 మైళ్ల మేర 14 టెలివిజన్ కెమెరాలు పెట్టారు. ఒక గదిలో కూర్చున్నవాళ్లు తెరల మీద రోడ్డంతా చూస్తూ, ఎక్కడైనా కారు ఆగిపోతే ఆ వరుస పైన ఎర్ర ఇంటూ గుర్తు వెలిగించేవారు. 1961లో పని మొదలుపెట్టిన షికాగో ఇంజనీర్లు మాత్రం బొమ్మను కాక లెక్కను నమ్ముకున్నారు. వాహనాలను లెక్కించే పరికరాలను రోడ్డు మీద అమర్చి, ఆ అంకెలతో ఎక్కడ బిగుసుకుంటోందో పసిగట్టారు. 1963లో ఐసెన్‌హోవర్ ఎక్స్‌ప్రెస్‌వే ర్యాంపు దగ్గర కార్లను ఒకటొకటిగా వదిలే పద్ధతి ప్రారంభించారు. అప్పటి తీర్పు షికాగో వైపే మొగ్గిందనాలి. గంటల తరబడి తెరలు చూసే మనిషి అలసిపోతాడు, అంకెలు అలసిపోవు. అయినా కెమెరా మూలన పడలేదు. రద్దీ ఉందని అంకె చెబుతుంది. అది ప్రమాదమా, మంటా, నీళ్లా, ఆగిపోయిన లారీనా అన్నది కంటితో చూస్తేనే తెలుస్తుంది. అందుకే తర్వాత వచ్చిన కంట్రోల్ రూముల్లో రెండూ కలిసి పనిచేశాయి. కానీ రెండు నగరాల్లోనూ చూసేవాడు అధికారే. డ్రైవరుకు దక్కింది అధికారి తీసుకున్న నిర్ణయమే గానీ, ఆ నిర్ణయానికి ఆధారమైన బొమ్మ కాదు.

ఆ బొమ్మ గది దాటి బయటికి రావడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. 1991లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కంప్యూటర్ లేబొరేటరీలో కాఫీ కుండ నిండుగా ఉందో ఖాళీగా ఉందో లేచి వెళ్లకుండా తెలుసుకోవడానికి ఒక కెమెరా పెట్టారు. 1993లో దాని బొమ్మ ఇంటర్నెట్‌లోకి ఎక్కింది. వెళ్లి నిరాశపడేకంటే వెళ్లేముందే చూసుకోవడం మేలన్న ఆ చిన్న సదుపాయమే రోడ్డుకూ వర్తించింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ కోసం జార్జియా రాష్ట్రం ‘నావిగేటర్’ అనే రవాణా సమాచార వ్యవస్థను నెలకొల్పింది. 1990లలోనే వాషింగ్టన్ రాష్ట్ర రవాణా శాఖ సియాటిల్ రోడ్ల రద్దీ పటాన్ని, కెమెరా బొమ్మల్ని జనానికి తెరిచింది. 2000లో అమెరికా ప్రభుత్వం ప్రయాణ సమాచారం కోసం దేశమంతటికీ 511 అనే ఒకే ఫోన్ నంబరు కేటాయించింది. కెమెరాలు అవే, గదులు అవే. మారిందల్లా ఎవరు చూడొచ్చన్నదే.

ఆ మార్పు విలువ నగరపు రద్దీలో కంటే కొండదారిలో బాగా తెలుస్తుంది. సియాటిల్ నుంచి తూర్పుకు వెళ్లే ఐ-90 హైవే 3,022 అడుగుల ఎత్తున స్నోక్వాల్మీ కనుమ దాటుతుంది. నగరంలో మామూలు వాన పడుతున్న రోజునే అక్కడ మంచు పేరుకుని ఉండొచ్చు. రవాణా శాఖ వెబ్‌సైట్‌లో కనుమ పేజీ తెరిస్తే ఒక్కో కెమెరా బొమ్మ కనబడుతుంది. తారు నల్లగా తడిగా ఉందా, చక్రాల జాడలు మాత్రమే నల్లగా ఉండి మధ్యంతా తెల్లగా ఉందా, జాడలు కూడా కప్పుకుపోయాయా అన్నది చూడగానే తెలుస్తుంది. పక్కనే ఉష్ణోగ్రత, చక్రాలకు గొలుసులు తప్పనిసరా కాదా అన్న ప్రకటన ఉంటాయి. రెడ్‌మండ్, బెల్‌వ్యూల్లో ఉంటున్న మన తెలుగు కుటుంబాలు సహా శీతాకాలంలో ఆ దారిన పోయేవారికి ఇది ప్రయాణ సన్నాహంలో భాగం. చూడకుండా వెళ్తే ఏమవుతుందో చెప్పడానికి టెనెసీ ఉదాహరణ ఉంది. 1990 డిసెంబరు 11న కాల్‌హౌన్ దగ్గర ఐ-75 మీద పొగమంచులో 99 వాహనాలు గుద్దుకుని 12 మంది చనిపోయారు, 42 మంది గాయపడ్డారు. తర్వాత అక్కడ పొగమంచును పసిగట్టే పరికరాలు, వేగం తగ్గించమని చెప్పే బోర్డులు, హైవేలోకి ఎక్కే ర్యాంపుల్ని మూసే గేట్లు అమర్చారు. పొగమంచులోకి అడుగుపెట్టాక వచ్చే హెచ్చరిక పనికిరాదని నేర్చుకున్న పాఠమది.

మన దగ్గర కెమెరాలకు కొరత లేదు. జనం ఎక్కువగా వచ్చిపోయే సంస్థలు సీసీ కెమెరాలు పెట్టి తీరాలని ఉమ్మడి రాష్ట్రం 2013లోనే చట్టం చేసింది. 2022 ఆగస్టు 4న హైదరాబాద్ బంజారాహిల్స్‌లో పోలీసుల కమాండ్ కంట్రోల్ సెంటర్ ప్రారంభమైంది. నేరాలు పట్టుకోవడానికి, చలానాలు వేయడానికి ఇవి బాగా ఉపయోగపడుతున్నాయి, ఆ పని అవసరమే. కానీ ప్రయాణికుడికి దారి చూపే పని మిగిలే ఉంది. 2023 జులై చివర్లో, మళ్లీ 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి, నందిగామ దగ్గర ఐతవరం వద్ద హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీదికి నీళ్లొచ్చి రాకపోకలు ఆగిపోయాయి. ఐతవరంలో నీళ్లున్నాయని నార్కట్‌పల్లి రాకముందే తెలిసినవాడు మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా గుంటూరు వైపు మళ్లొచ్చు, లేదా ప్రయాణమే మానుకోవచ్చు. సూర్యాపేట, కోదాడ దాటేశాక తెలిసినవాడికి వెనక్కి తిరగడమో, వాహనాల బారులో పిల్లలతో, ముసలివాళ్లతో నిలబడటమో మిగులుతుంది. ఇద్దరికీ మధ్య తేడా ఒక్క బొమ్మే.

దీనికి అభ్యంతరాలున్నాయి, వాటిలో బలమూ ఉంది. మొదటిది, జనం కదలికలన్నీ ఊరందరికీ చూపిస్తే గోప్యత ఏమవుతుందన్నది. నిజానికి ముఖాలు, నంబరు ప్లేట్లు చూసే కెమెరా వేరు, దారి చూసే కెమెరా వేరు. లండన్ రవాణా సంస్థ జనానికిచ్చేవి తక్కువ స్పష్టత ఉన్న కొద్ది సెకన్ల దృశ్యాలే. దారి తెలియాలంటే అంత చాలు, మనిషిని గుర్తుపట్టాల్సిన పని లేదు. రెండోది, ఫోన్‌లో పటం ఎర్రరంగు చూపిస్తోంది కదా, ఇక కెమెరా ఎందుకన్నది. ఇది 1961 నాటి షికాగో వాదనే. ఆ రంగు ఫోన్ల వేగం నుంచి పుడుతుంది కాబట్టి ఆలస్యాన్ని చెబుతుంది, కారణాన్ని చెప్పదు. అరగంటలో తీరిపోయే రద్దీనీ, రెండు రోజులు వదలని వరదనీ ఒకే రంగులో చూసినవాడు సరైన నిర్ణయం తీసుకోలేడు. మూడోది అన్నిటికంటే గట్టిది. బొమ్మ మోసం చేస్తుంది, బురదనీటి లోతు అందులో కనబడదు, ఎప్పుడో ఆగిపోయిన పాత బొమ్మను చూసి మనిషి ధైర్యంగా బయల్దేరే ప్రమాదముంది. అందుకే బొమ్మ మీద సమయం ముద్ర ఉండాలి, పక్కన నీటిమట్టం అంకె ఉండాలి. నీళ్లు కనబడితే ఆగిపోవడానికే ఆ బొమ్మను వాడాలి గానీ, నీళ్లు తక్కువేనని తేల్చుకుని దిగడానికి కాదు. అందరూ ఒకే పక్కదారి పడితే అదీ బిగుసుకుంటుందన్నదీ నిజమే. అయితే బయల్దేరాక చూసేవాడు దారి మార్చగలడు గానీ, ఇంట్లో ఉండగానే చూసేవాడు వేళనే మార్చుకోగలడు, దాంతో రద్దీ పలచబడుతుంది. నడుపుతూ ఫోన్ చూడాల్సిన అగత్యమూ తప్పుతుంది.

కాబట్టి అడగాల్సింది కొత్త కెమెరాల గురించి కాదు. వరదలో మునిగే వంతెనలు, ఘాట్ రోడ్లు, మంచు కమ్మే దారులు ఎక్కడున్నాయో అధికారులకు అనుభవంతో తెలుసు. ముందుగా ఆ కొన్ని చోట్ల దారిని మాత్రమే చూపే బొమ్మల్ని కొన్ని నిమిషాలకొకసారి జనానికి తెలుగులో, ఉచితంగా అందించాలి. ఆ కెమెరాలకైన ఖర్చు ఆ రోడ్ల మీద తిరిగేవారి పన్నుల నుంచీ టోలు నుంచీ వచ్చిందే. కెమెరా చూసినదాన్ని చూసే హక్కు వారిదీ. తన తర్వాత వచ్చే యాత్రికుడు చీకట్లో అడుగేయకూడదని వీరాస్వామయ్య తన వద్ద ఉన్న సమాచారమంతా కాగితం మీద పెట్టారు. మన ప్రభుత్వాల దగ్గర అంతకంటే ఎన్నో రెట్ల సమాచారం ప్రతి నిమిషం చేరుతోంది. దాన్ని పంచడం ఇక విధానంగా మారాలి.